ముందు కర్నూలులో దించండి

"ఈడ పెట్టుకుంటే లాభం లేదన్నా, హైదరాబాదుకు కొట్టుకొని పోదాం పదండి." కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీ ముందు తరచూ వినపడే మాట ఇది. కడప రిమ్స్ గేటు దగ్గరయితే ఊరి పేరు మారుతుంది, తిరుపతో బెంగళూరో అంటారు. అనేది బంధువులే కాదు. ఊరి పెద్ద, పార్టీ నాయకుడు, ప్రైవేటు అంబులెన్సు డ్రైవరు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నాయన కూడా అంటాడు. దెబ్బ ఎంత పెద్దదయితే అంత పెద్ద ఊరికి పోవాలన్నది సీమలో పాతుకుపోయిన నమ్మకం. ఆ నమ్మకం మనుషుల్ని చంపుతోంది. దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

లెక్క చూద్దాం. కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైమాట, ఎంత తొక్కినా మూడు మూడున్నర గంటలు. బెంగళూరు 350 కిలోమీటర్లు దాటుతుంది. కడప నుంచి బెంగళూరుకు ఐదు గంటలు, మధ్యలో గువ్వలచెరువు ఘాటు. మనిషి ఒంట్లో ఉండే నెత్తురు ఐదు లీటర్లు. తొడ ఎముక విరిగితే, బయట ఒక్క బొట్టు కనపడకుండానే, లీటరు నుంచి లీటరున్నర దాకా కండలోకి పోతుంది. కటి ఎముకలు విచ్చుకుంటే ఇంకా ఎక్కువ. కాలేయమో ప్లీహమో చిట్లితే దానికి హద్దే లేదు. ఈ నెత్తురు షాద్‌నగర్ టోల్‌గేటు దాకా ఆగుతుందని ఎవరు హామీ ఇచ్చారు?

"బీపీ బాగానే ఉందన్నారు సార్, అందుకే ధైర్యం చేసినాం" అంటారు. వయసులో ఉన్నవాడికి లీటరు నెత్తురు పోయినా బీపీ నిలబడే ఉంటుంది. గుండె వేగం పెంచి, చేతులూ కాళ్ళకు పోయే రక్తనాళాల్ని బిగబట్టి శరీరం దాన్ని నిలబెడుతుంది. ముందు చెప్పేది నాడి. చల్లబడిన అరచేతులు చెబుతాయి. నీళ్ళు నీళ్ళు అని అడగడం, స్ట్రెచరు మీద కుదురుగా పడుకోలేక లేవబోవడం చెబుతాయి. అట్లా లేవబోయేవాణ్ణి చూసి "తాగినాడులే" అనేసే క్యాజువాలిటీలు మనకున్నాయి. నిజంగా తాగే ఉండొచ్చు. తాగినవాడి కడుపులో నెత్తురు కారదా?

ఇక మందు సంగతి. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒకటుంది. 1960లలో జపానుకు చెందిన ఒకమోటో దంపతులు కనిపెట్టారు. కాన్పు తర్వాత రక్తస్రావానికి వాడేదే కాబట్టి తాలూకా ఆసుపత్రి ప్రసూతి వార్డులో దొరికే మందు, ఖరీదూ కాదు. 40 దేశాల్లో 20 వేలకు పైగా క్షతగాత్రుల మీద జరిగిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో మన దేశపు రోగులు వేలల్లో ఉన్నారు. ఒక గ్రాము పది నిమిషాల్లో, మరో గ్రాము ఎనిమిది గంటల మీద ఎక్కిస్తే రక్తస్రావపు చావులు తగ్గాయి. మొదటి గంటలో ఇస్తే బాగా తగ్గాయి. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు జరిగే సూచన కనిపించింది. ఆ మూడు గంటల్ని కర్నూలు–హైదరాబాదు ప్రయాణం పక్కన పెట్టి చూడండి. మనవాళ్ళు "టైము వేస్టు చేయకుండా" బయలుదేరి, ఆ మందుకున్న గడువు మొత్తాన్ని రోడ్డు మీద ఖర్చుపెట్టి, గడువు తీరాక గాంధీ ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు.

పెద్దాసుపత్రుల్లో ఏదో రహస్య విద్య ఉందనే భ్రమ కూడా వదిలించాలి. ప్రపంచమంతా క్షతగాత్రుల్ని చూసే పద్ధతికి ఏటీఎల్ఎస్ అని పేరు. అది పుట్టింది మహానగరంలో కాదు. 1976లో జిమ్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు సొంతంగా నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కా పొలాల్లో కూలింది. భార్య అక్కడికక్కడే పోయింది, పిల్లలకు పెద్ద దెబ్బలు తగిలాయి. దగ్గరి పల్లె ఆసుపత్రికి చేర్చితే, ఏది ముందు చూడాలో ఏది తర్వాతో అక్కడ ఎవరికీ తెలియదు. ఆ కోపంలోంచి వచ్చిందీ పద్ధతి. అంటే ఆదోని, బద్వేలు, జమ్మలమడుగు లాంటి చోట రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే డాక్టరు కోసం పుట్టింది. కారే నెత్తురు ఆపు, ఊపిరి దారి తెరువు, ఛాతీ చూడు, నాడి చూడు, స్పృహ చూడు, బట్టలు కత్తిరించి ఒళ్ళంతా చూసి మళ్ళీ కప్పు. ఇందులో సూపర్ స్పెషాలిటీ చేయాల్సిందేమీ లేదు.

కటి విరిగినవాడికి మొదటి గంటలో కావలసింది ఒక దుప్పటి. దాన్ని పొడవుగా మడిచి వీపు కింద నుంచి జార్చి, నడుముకు కాదు, దానికి జానెడు కింద, తొడ ఎముకల పైమొనలు అరచేతికి గట్టిగా తగిలేచోట చుట్టి, ఇద్దరు చెరో కొసా లాగి బిగించాలి. చాలామంది నడుముకు కడతారు, అది దండగ. ఛాతీలో గాలి నిండి గుండె పక్కకు నెట్టుకుపోతున్నవాడికి సూది, ఆ తర్వాత గొట్టం. అట్లాంటివాణ్ణి "ముందు స్కానింగు రాయండి" అంటూ ట్రాలీ మీద తోసుకుపోవడమంటే చావు దగ్గరికి తోసుకుపోవడమే. రెండు బాటిళ్ళ సెలైన్ ఎక్కించి చేతులు దులుపుకోవడమూ వైద్యం కాదు. సెలైన్ నెత్తుర్ని పలచన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది, చల్లబడ్డ నెత్తురు సరిగా గడ్డకట్టదు. మే నెల కర్నూలులో చలేమిటని నవ్వకండి. నెత్తురు పోయి తడిసిన బట్టలతో ఏసీ అంబులెన్సులో పడుకున్నవాడికి కాలం తెలియదు.

ఎదుటివాళ్ళ దగ్గర గట్టి వాదనే ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తుపాకి గుండు తగిలినవాణ్ణి పోలీసులే కారులో వేసుకుని సూటిగా పెద్దాసుపత్రికి తీసుకుపోతారు, దారిలో ఏ వైద్యమూ చేయరు, అయినా బతుకుతున్నారని. నిజమే. అక్కడ ఆ ఆసుపత్రి నిమిషాల దూరంలో ఉంది. 1997లో పారిస్‌లో కారు ప్రమాదం తర్వాత యువరాణి డయానాను రోడ్డు మీదా అంబులెన్సులోనూ గంటన్నరకు పైగా ఉంచి పోగొట్టుకున్నారని కూడా గుర్తుచేస్తారు. ఆ వాదన నావైపే వస్తుంది. కారే నెత్తురుకు కావలసింది కత్తి పట్టే చెయ్యి, ఎక్కడ దగ్గరుంటే అక్కడికి పోవాలి. వెల్దుర్తి దగ్గర 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున టెంపో డివైడరు దాటి లారీని గుద్ది 14 మంది చనిపోయినప్పుడు, ప్రాణాలతో మిగిలిన పిల్లల్ని చేర్చింది కర్నూలు పెద్దాసుపత్రికే. 1957 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తున్న ఊరది. ఫ్యాక్షన్ రోజుల్లో బాంబు దెబ్బలకూ వేటకొడవలి నరుకుళ్ళకూ కుట్లు వేసిన చేతులు అక్కడివి.

తలకు దెబ్బ తగిలితే బెంగళూరు నిమ్హాన్స్ తప్ప దిక్కులేదంటారు. మెదడులో గడ్డ తీయాల్సిందే అయితే న్యూరోసర్జన్ కావాలి, కాదనను. కానీ తల దెబ్బ తగిలినవాడి బీపీ ఒక్కసారి 90 కిందికి దిగినా చావు అవకాశం రెట్టింపవుతుందని 1993లోనే తేలింది. ప్రాణవాయువు తగ్గినా అంతే చేటు. స్పృహ లేనివాణ్ణి గొంతులో గొట్టం లేకుండా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతున్నా చూసే దిక్కు లేకుండా, బెంచీ మీద నలుగురు చుట్టాలు, ముందు డ్రైవరు, మూలన ముల్లు ఎక్కడుందో ఎవరూ చూడని సిలిండరుతో ఆరు గంటలు తీసుకుపోతే, నిమ్హాన్స్‌కు చేరేది వాడు బయలుదేరినప్పటి మెదడు కాదు.

ఇంత తిట్టాక బంధువుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాళ్ళ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. తాలూకా ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు డాక్టరు లేడు. ఉన్నా "ఎంఎల్సీ కేసు, పోలీసులతో మాకెందుకు" అని చీటీ రాశాడు. క్షతగాత్రుడికి ముందు వైద్యం, తర్వాతే కేసు అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లో చెప్పింది. తీసుకొచ్చినవాణ్ణి పోలీసులు వేధించరాదని 2016లో చెప్పింది, 2019లో అది మోటారు వాహనాల చట్టంలోకీ ఎక్కింది. 2005లో 108 బండి వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితుడికి వారం రోజులపాటు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అని 2025లో కేంద్రం పథకమూ పెట్టింది. ఇన్నీ వచ్చినా చీటీ మాత్రం మారలేదు: "హయ్యర్ సెంటర్‌కు రెఫర్ చేయడమైనది." అంతే. నాడి ఎంత, బీపీ ఎంత, స్పృహ స్కోరు ఎంత, ట్రానెక్సామిక్ ఏ గంటకు ఇచ్చారు, అవతలి డాక్టరుతో ఫోనులో ఎవరు మాట్లాడారు అన్న ముక్క ఒక్కటీ ఉండదు.

మా నాయకులు ఈ చీటీ జోలికి రారు. ఎన్నికల ముందు ట్రామా సెంటర్ శిలాఫలకం అడుగుతారు, మిగతా రోజుల్లో హెలికాప్టర్ అంబులెన్సు గురించి మాట్లాడతారు. అడగాల్సింది వేరే ఉంది. ఆదోనిలో, నంద్యాలలో, ప్రొద్దుటూరులో, పులివెందులలో ఈ రాత్రి డ్యూటీలో ఛాతీలో గొట్టం వేయగలవాడు ఎవరు? రక్తనిల్వ గదిలో ఓ-నెగెటివ్ ప్యాకెట్లెన్ని? పోయిన నెల రెఫర్ చీటీల్లో ఎన్నిటి మీద నాడి రాసి ఉంది? ఈ మూడో ప్రశ్నకు కొత్త భవనమూ బడ్జెట్టూ అక్కర్లేదు. సూపరింటెండెంటు నెలకోసారి ఆ కట్ట ముందేసుకుని, ఖాళీగా వెళ్ళిన ఒక్కో చీటీకి రాసినవాణ్ణి పిలిచి కారణం అడిగితే చాలు.