పప్పుబెల్లాలకు టిక్కెట్టా?

మా అమ్మాయి కుటుంబం దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్నది. కిందటి శరత్కాలంలో నేను అక్కడ నాలుగు నెలలు ఉన్నాను. వెళ్ళిన పదవనాడు కాబోలు, రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడుగారు ఇట్లా అన్నారు: "మామయ్యగారూ, హాలోవీన్‌నాడు మనం ఇంట్లో ఉండటం లేదండీ. అందరం థీమ్ పార్కుకు వెళుతున్నాం. పిల్లలకు మిఠాయిలు అక్కడే పంచుతారు. తినడానికి ఆ పండుగ వంటకాలన్నీ అక్కడే ఉంటాయి."

"మరి ఆనాడు మన గుమ్మంలోకి వచ్చే పిల్లల మాటేమిటండీ?" అని అడిగాను.

"వరండాలో దీపం ఆర్పేస్తే ఎవరూ రారు లెండి. ఏటా అదే చేస్తున్నాం" అన్నారాయన నిశ్చింతగా.

ఆయన మంచివారు. ఆ మాటలో దురుద్దేశమేమీ లేదు. అందువల్లనే అది నన్ను ఎక్కువగా బాధించినది. అక్కడి మన తెలుగు కుటుంబాలలో ఈ పద్ధతి పెరుగుతున్నదని తరువాత తెలుసుకున్నాను. ఇంటి దీపం ఆర్పివేసి, టిక్కెట్టు కొనుక్కొని, పండుగను బజారులో తిని రావడం! ఈ వ్యాసం దానిమీద పోట్లాటకే వ్రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. "ఈ దయ్యాల పండుగ మనకెందుకు?" అనే వర్గంలో నేను లేను. ఏ జాతి పండుగనైనా ఎగతాళి చేసేవాడు తన పండుగనూ సరిగా ఎరిగినవాడు కాడు. హాలోవీన్ చరిత్ర చూడండి. కెల్టు జాతులవారు కోతలు ముగిసి చలికాలం ప్రవేశించే వేళ జరుపుకొన్న సావిన్ పండుగ దీనికి ప్రాచీన మూలమని చెబుతారు. తరువాత క్రైస్తవంలో నవంబరు 1 సర్వ పునీతులకూ, నవంబరు 2 సమస్త మృతులకూ కేటాయించబడినవి. ఇంగ్లండులో ఈ దినాలలో పేదలూ పిల్లలూ ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ ఇంట గతించినవారి కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న చిన్న రొట్టెలు పుచ్చుకొనేవారు. వాటికి 'సోల్ కేకులు' అని పేరు. ఆత్మల రొట్టెలు అన్నమాట! మహాలయ పక్షంలో పెద్దలను తలచుకొని పదిమందికి అన్నం పెట్టే జాతికి ఇందులో పరాయితనం ఏమున్నది?

ఐర్లండులో ఎండుద్రాక్షలు వేసిన 'బార్మ్‌బ్రాక్' అనే రొట్టెలో ఉంగరం దాచేవారు. ఎవరి ముక్కలో అది దొరికితే వారికి త్వరలో పెళ్ళి అని వేడుక. టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువు లక్షల ఐరిష్ ప్రజలను సముద్రం దాటించినది. వారితో ఈ ఆచారాలూ అమెరికాలో వ్యాపించినవి. అక్కడ సమృద్ధిగా దొరికే గుమ్మడికాయ టర్నిప్ స్థానాన్ని ఆక్రమించినది. పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయి అడిగే పద్ధతి 1930ల నుండి దేశమంతటా ప్రబలినది. యుద్ధకాలంలో చక్కెరకు రేషను వచ్చి వెనుకబడినా 1947 తరువాత మళ్ళీ పుంజుకొన్నది. 1950లో ఫిలడెల్ఫియా పిల్లలు కొందరు ఇదే తిరుగుడులో, ఇతర దేశాల బాలల కోసం యూనిసెఫ్ సంస్థకు చిల్లర నాణేలు కూడా సేకరించారు. ఆ పద్ధతి తరువాత దేశమంతా పాకినది.

ఈ చరిత్ర అంతటిలో మారనిది ఒక్కటే. ఒక గుమ్మం. దానికి అటు చేయి చాచే పసివాడు, ఇటు పెట్టే గృహస్థు.

ఈ దృశ్యం నాకు కొత్త కాదు. మా చిన్నతనంలో దసరాకు బడిపిల్లలం రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకొని, పంతులుగారి వెంట పాటలు పాడుతూ ఊరంతా తిరిగేవాళ్ళం. పంతులుగారికి దక్షిణ, మాకు పప్పుబెల్లాలు. వాయిదా వేయకుండా ఇప్పుడే ఇమ్మని గద్దించే చనువు కూడా ఆ పాటలకు ఉండేది. దోసెడు వేయించిన శనగపప్పు, బెల్లపు ముక్క. వాటి వెల ఎంత? కాని ఆ ఒక్కరోజు మాకు ఊళ్ళోని ప్రతి గుమ్మమూ తెలిసేది. ఎవరి ఇంట ముసలమ్మ ఒంటరిగా ఉన్నదో, ఎవరి అరుగు ఎత్తో, ఎవరి చేయి పెద్దదో తెలిసేది. ఊరికి మేమెవరమో తెలిసేది. పప్పుబెల్లాలు నెపం మాత్రమే. పరిచయమే పండుగ.

ఇప్పుడు థీమ్ పార్కు సంగతికి వస్తాను. అల్లుడుగారు నాకు ముందుగా చూపించాలని సెప్టెంబరులోనే ఒకసారి తీసుకువెళ్ళారు. ఎండ మాడ్చివేస్తున్నది. ఆ ఎండలో ఎక్కడ చూచినా ప్లాస్టిక్ గుమ్మడికాయలు, నారింజ రంగు తోరణాలు. మన జంతికల మాదిరిగా పిండిని గొట్టంలో ఒత్తి, నూనెలో వేయించి, చక్కెర, దాల్చినచెక్క పొడి అద్దే 'చుర్రో' అనే పదార్థం ఉన్నది. మంచి రుచి. పండుగ పేరున దానికి నల్లరంగు వేసి, పైన ఊదారంగు చక్కెర చల్లి అమ్ముతున్నారు. ఆపిల్ పండుకు కారమెల్ పూసి, దానిమీద చాక్లెట్, దానిమీద మెరుపు పలుకులు, ఆపైన కళ్ళూ కోరలూ అతికించారు. లోపల ఆపిల్ ఉన్నదని నమ్మడమే గాని కనబడదు. ఒకచోట రాక్షసుని తల ఆకారంలో పేలాల డబ్బా అమ్ముతున్నారు. వరుస ఎంత పొడవో! కొన్నవారు కొందరు పేలాలను చెత్తడబ్బాలో కుమ్మరించి, ఖాళీ డబ్బాను భద్రంగా సంచిలో పెట్టుకోవడం కళ్ళారా చూశాను. అన్నాన్ని పారవేసి విస్తరిని దాచుకొనేవారిని నా అరవయ్యేళ్ళ పైబడిన జీవితంలో అదే మొదటిసారి చూడటం.

కావ్యంలో అలంకారం రసానికి తోడు కావాలి గాని రసాన్ని మింగివేయరాదని నలభై యేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. ఆహారానికీ అదే సూత్రం. ఇక్కడ రంగు ఉన్నది, రూపం ఉన్నది, ఫొటోకు అందం ఉన్నది. నాలుకకు మిగిలినది చక్కెర ఒక్కటే. షడ్రుచులలో అయిదింటికి దేశబహిష్కారం!

ఆ పండుగకు మారుపేరైన 'క్యాండీ కార్న్'నే తీసుకోండి. 1880లలో పుట్టిన మిఠాయి ఇది. మొక్కజొన్న గింజ రూపం, మూడు రంగులు. అంగళ్ళలో దొరికే ప్రసిద్ధమైన రకంలో జంతువుల చర్మాల నుండి, ఎముకల నుండి తీసే జెలటిన్ ఉంటుంది. పైన నిగనిగకు లక్క పూత ఉంటుంది. మన దేశంలో చెట్లమీద లక్కపురుగులు స్రవించే ఆ లక్కే. లక్కయింటి కథ తెలిసినవారికి పైమెరుగు చూసి లోనికి పోరాదని వేరే చెప్పనక్కరలేదు. ఇక రంగుల మాట. 'రెడ్ 3' అనే ఎరుపు రంగును అలంకరణ సామగ్రిలో వాడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1990లోనే నిషేధించినది. ఆహారంలో దాని అనుమతిని రద్దుచేసినది 2025 జనవరిలో. పెదవులకు పూసుకోకూడని రంగును నోట్లో వేసుకోవచ్చునని ముప్పయి అయిదేళ్ళు చెల్లుబాటు కావడం చూస్తే, కంటికి చేసే వంట ఎక్కడికి దారితీస్తుందో తెలుస్తుంది.

పోనీ, కాలమైనా పాటిస్తున్నారా? ఫ్లారిడాలోని డిస్నీ పార్కులో హాలోవీన్ విందు 1995లో ఒక్క రాత్రి ఉత్సవంగా మొదలైనది. 2025లో అది ఆగస్టు మధ్యలోనే మొదలై అక్టోబరు 31 దాకా ఎన్నో రాత్రులు సాగినది. ప్రవేశానికి మనిషికి వంద డాలర్లు పైమాటే. కోతల పండుగ కోతలకు ముందే వచ్చినది! వేపపువ్వు, కొత్త చింతపండు, లేత మామిడి వచ్చినప్పుడే ఉగాది పచ్చడి. దానినే మార్గశిరంలో డబ్బాలలో పెట్టి అమ్మితే అది పచ్చడి కావచ్చునేమో గాని ఉగాది కాదు.

అమ్మకమే పాపమని నేను అనడం లేదు. అదే కాలిఫోర్నియాలో బ్యూనా పార్కు ఊళ్ళో నాట్స్ బెర్రీ ఫామ్ ఉన్నది. వాల్టర్ నాట్ అనే రైతు పండ్లు పండించి దారిపక్క అమ్మేవాడు. బాయ్సెన్‌బెర్రీ అనే సంకరజాతి పండుకు ప్రచారం తెచ్చినది ఆయనే. 1934లో ఆయన భార్య కార్డీలియా వేయించిన కోడిమాంసంతో భోజనాలు పెట్టడం ప్రారంభించినది. భోజనానికి నిరీక్షించే జనం కోసం ఏర్పడిన వినోదాలే క్రమంగా పార్కు అయినవి. 1973 నుండి అక్కడ హాలోవీన్ భయానక ప్రదర్శనలు కూడా జరుగుతున్నవి. అంటే, అక్కడ అన్నం ముందు పుట్టినది, ఆట తరువాత వచ్చినది. ఆ నేలలో పండినదానిని వండి, ధర చెప్పి అమ్మడం గౌరవనీయమైన వృత్తి. నా తగాదా దానితో కాదు. దానాన్ని విక్రయంగా మార్చి, దానికి మళ్ళీ దానమని పేరుపెట్టడంతోనే. పార్కులో పిల్లల సంచులలో మిఠాయిలు పోస్తారు, నిజమే. కాని ఆ పెట్టే చేయి గుమ్మం దగ్గరనే పుచ్చుకొని ఉన్నది.

"తిరుపతిలో లడ్డు అమ్మడం లేదా?" అని మా అల్లుడుగారు నన్ను నిలదీశారు. గట్టి ప్రశ్నే. 2020 జనవరి నుండి దర్శనం చేసుకొన్న ప్రతి భక్తునికీ ఒక లడ్డు ఉచితంగా ఇస్తున్నారు. అదనంగా కావలసినవారు కొనుక్కొంటారు. ముందు పెట్టుట, ఆ తరువాత అమ్ముట. ఆ వరుసను తలకిందులు చేయడమే నా ఆక్షేపణ.

"వీధిలో భద్రత ఉండదు, మిఠాయిలో విషం పెడతారు" అనేది రెండవ వాదం. ఈ భయాన్ని జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1980ల నుండి పరిశోధిస్తూ వచ్చారు. ముక్కూమొగమూ తెలియని ఇంటివారు ఇట్లా విషం పెట్టి పిల్లవానిని చంపినట్లు రుజువైన ఉదంతం ఒక్కటీ ఆయనకు దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో ఒక బాలుడు విషపు మిఠాయి తిని మరణించిన మాట నిజం. ఆ విషం పెట్టినది కన్నతండ్రి! అసలైన ప్రమాదం వేరే ఉన్నది. నలభై రెండేళ్ళ లెక్కలు పరిశీలించి 2018లో వెలువరించిన ఒక వైద్య పరిశోధనలో, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు మామూలు సాయంత్రాలకంటె 43 శాతం ఎక్కువని తేలినది. కనుక భయపడవలసినది పొరుగువాడి చేతికి కాదు, కారుకు. దానికి విరుగుడు పిల్లవాని చేయి పట్టుకొని నడవడం. టిక్కెట్టు కాదు.

పార్కు పక్షాన ఒక మంచిమాట చెప్పకపోతే అన్యాయం. మా మనవరాలు ఒక దయ్యం బొమ్మ మిఠాయి కావాలన్నది. మేము శాకాహారులం. అందులో జెలటిన్ ఉన్నదా అని అడిగితే, కొట్టులోని కుర్రవాడు విసుగు లేకుండా పుస్తకం తిరగవేసి, ఉన్నదని చెప్పి, లేని పదార్థాన్ని చూపించాడు. ఆ శ్రద్ధ మన పండుగ విందులలో ఎందరు చూపుతారు? వేరుశనగ పడని పిల్లల కోసం వేరే తినుబండారాలు పెట్టే పార్కులూ ఉన్నవి. ఇల్లిల్లూ తిరిగే పద్ధతి ఇది నేర్చుకోవలసినదే. నేర్చుకొంటున్నది కూడా. తినడానికి కాని చిన్న బహుమతులు తమ ఇంట ఉన్నవని తెలియజేయడానికి నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయను వాకిట పెట్టే పద్ధతి 2014 నుండి దేశమంతటా ప్రచారంలోనికి వచ్చినది.

కాబట్టి ప్రవాసంలోని నా తెలుగు సోదరీసోదరులకు ఒక్కటే విన్నపం. పార్కుకు వెళ్ళండి, వద్దనను. ఉన్న మూడువందల అరవై నాలుగు దినాలలో ఏనాడైనా వెళ్ళండి. అక్టోబరు 31 సాయంత్రం మాత్రం ఇంట ఉండండి. "ఇక్కడివారు మనతో కలవరు" అని ఏడాదంతా వాపోతారే! వారు తమ పిల్లలను మీ గుమ్మానికి పంపే రోజు సంవత్సరానికి ఒక్కటి ఉన్నది. ఆ రోజున దీపం ఆర్పుకొని కూర్చుంటే తప్పు ఎవరిది?

టిక్కెట్లు ముందే కొన్నందువల్ల మావాళ్ళు ఆనాడు పార్కుకే వెళ్ళారు. నేను వెళ్ళలేదు. దీపం వెలిగించి, బుట్టనిండా చాక్లెట్లు పోసుకొని వాకిట కుర్చీ వేసుకొన్నాను. పదిహేడుమంది పిల్లలు వచ్చారు. ఎదురింటాయన తన ఇద్దరు కొడుకులనూ తీసుకువచ్చాడు. "మూడేళ్ళుగా చూస్తున్నాను, ఈ రాత్రి ఈ ఇంట్లో దీపం వెలగడం ఇదే మొదటిసారి. మీకు ఇష్టం లేదేమో అనుకొన్నాము" అన్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పాను గాని, సిగ్గు వేసినది.

మావాళ్ళు రాత్రి పదకొండు గంటలకు తిరిగివచ్చారు. మనవరాలు సంచి బల్లమీద పెట్టి, "తాతయ్యా, మనింటికి ఎవరెవరు వచ్చారు?" అని అడిగినది. చెప్పాను. ఎదురింటి పిల్లల పేర్లు కూడా చెప్పాను. మూడేళ్ళుగా ఆ పేర్లు దానికి తెలియవు.