"తిన్నావా?" అని అడిగితే సరిపోదు



మన ఇళ్ళలో దూరంగా ఉన్న పిల్లలకు ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నావా?" అనే. అవతలి నుంచి "తిన్నానమ్మా" అని వినిపిస్తే మన కడుపు నిండినట్టే. మా పెద్దమ్మాయి జర్మనీలోని మ్యూనిక్‌లో ఎమ్మెస్‌లో చేరిన మొదటి మూడు నెలలు నాకు రోజూ ఆ జవాబే వచ్చింది. క్రిస్మస్ సెలవులకు మా అక్క కొడుకు అక్కడికి వెళ్ళి, ఆ రాత్రే ఫోన్ చేశాడు. "పిన్నీ, చెల్లి బాగా చిక్కిపోయింది. గదిలో బ్రెడ్డు, జామ్, నూడుల్స్ తప్ప ఏమీ లేవు" అన్నాడు.

తప్పు అమ్మాయిది కాదు. ఎయిర్‌పోర్టులో నేనే చెప్పి పంపాను: "అక్కడ బయట తిండి బాగా ఖరీదట, బయట తినకు" అని. అది నా మాట విన్నది. ఎనిమిది యూరోల డోనర్ రోల్ చూసినా సుమారు ఎనిమిది వందల రూపాయలని లెక్క కట్టుకునేది. ఆ డబ్బుతో ఇక్కడ ఇంట్లో అందరం బిర్యానీ తింటాం కదా అనుకుని వెనక్కి వచ్చేసేది. వంట చేసుకుందామంటే చేతకాదు. ఇంటర్ దాకా కంచం దాని టేబుల్ దగ్గరికే వెళ్ళింది మరి. ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం చేతిలో ఉంటే నేనే ముద్దలు పెట్టాను.

పోయింది ఒంట్లో బరువు ఒక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు. తోటి విద్యార్థులు భోజనానికి పిలిచిన ప్రతిసారీ "నేను తినేశాను" అని తప్పుకుంది. ప్రాజెక్టులో ఎవరు ఏ పని చెయ్యాలో వాళ్ళు ఆ భోజనాల దగ్గరే మాట్లాడుకునేవారు. నెల తిరిగేసరికి వాళ్ళు పిలవడం మానేశారు. పరాయి దేశంలో స్నేహాలు క్లాసులో కంటే కంచాల దగ్గరే కుదురుతాయి. నేను పొదుపు నేర్పానని అనుకున్నాను. నిజానికి ఒంటరితనం నేర్పి పంపాను.

జర్మనీకి మన పిల్లలు చాలామంది వెళుతున్నారు కాబట్టి లెక్క వివరంగా చెబుతాను. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అందులోంచి నెలకు 992 యూరోలు విడుదలవుతాయి. ఇది దేశమంతటికీ ఒకటే లెక్క. మ్యూనిక్ మాత్రం జర్మనీలోకెల్లా ఖరీదైన నగరం. విద్యార్థుల హాస్టల్లో గది దొరికితే అదృష్టమే. ప్రైవేటు గదికి ఏడెనిమిది వందలు కూడా అడుగుతారు. ఆరోగ్య బీమా, ఫోను పోను మిగిలిందే తిండికి. భయం అర్థం లేనిది కాదు.

అయినా ఆ నగరంలో విద్యార్థి కడుపు నిండడానికి దారులున్నాయి. అన్నిటికంటే ముందు మెన్సా, అంటే విద్యార్థి సంక్షేమ సంస్థ నడిపే క్యాంటీన్. లియోపోల్డ్‌స్ట్రాసే వీధిలో ఉన్నది పెద్దది. విద్యార్థికి ఒక ధర, ఉద్యోగికి ఒక ధర, బయటివారికి ఇంకో ధర ఉంటాయి. మూడు, నాలుగు యూరోలకు వేడి భోజనం దొరుకుతుంది. శాకాహారం రోజూ ఉంటుంది, ఏ వంటకంలో ఏ మాంసం ఉందో గుర్తులు పెడతారు. నగదు తీసుకోరు, కార్డే వాడాలి. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని మా అమ్మాయి మూడు నెలలు తొంగి చూడలేదు. "క్యాంటీన్ అంటే బయట తిండే కదమ్మా" అంది!

రెండోది వింటే నవ్వొస్తుంది. బీర్ గార్డెన్. కంగారు పడకండి. 1812లో బవేరియా రాజు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బీరు తయారుచేసేవాళ్ళు తమ తోటల్లో బీరు అమ్ముకోవచ్చు గానీ భోజనం అమ్మకూడదు. దాంతో జనం ఇంటినుంచి తిండి తెచ్చుకునేవారు. భోజనం అమ్మకం తర్వాత వచ్చినా పాత అలవాటు పోలేదు. నేటికీ సంప్రదాయ బీర్ గార్డెన్లలో గుడ్డ పరచని బల్ల దగ్గర కూర్చుని మన డబ్బా మనం విప్పుకోవచ్చు, తాగేది మాత్రం అక్కడే కొనాలి. ఇంగ్లిష్ గార్డెన్ పార్కులో చైనీస్ టవర్ కింద వేల మంది పట్టే చోట మా అమ్మాయి ఆపిల్ రసం సోడా కొనుక్కుని, పులిహోర డబ్బా తెరిచింది. ఆ రోజు దాని బల్ల దగ్గర ముగ్గురు కొత్త స్నేహితులు తయారయ్యారు.

ఇంకా చిన్న చిన్న సంగతులున్నాయి. చాలా హోటళ్ళలో మధ్యాహ్నం పూట తక్కువ ధరకు ప్రత్యేక భోజనం పెడతారు. అదే చోట రాత్రి తింటే బిల్లు బరువెక్కుతుంది. హోటల్లో మంచినీళ్ళు అడిగితే సీసా తెస్తారు, దానికీ డబ్బు పడుతుంది. ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్, సీసా తిరిగిస్తే వెనక్కి వస్తుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం రాత్రి ఎనిమిదిలోపు సరుకులు తెచ్చుకోని పిల్లలు మర్నాడు ఖరీదైన తిండి కొనక తప్పదు. బిల్లు ఇచ్చేటప్పుడు "కలిపా, విడివిడిగానా?" అని అడుగుతారు. మన దగ్గర బిల్లు నేనిస్తానంటే నేనని చేతులు పట్టుకుని లాక్కుంటాం. అక్కడ ఎవరిది వాళ్ళు ఇచ్చుకోవడం మర్యాదే. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం బెరుకు పోతుంది.

ఇప్పుడు మా అమ్మాయి నెల లెక్క ఇది. మెన్సాలో ఇరవై భోజనాలకు 80 యూరోలు, స్నేహితులతో రెండుసార్లు హోటల్‌కు 30, ఇంటి సరుకులకు 120. మొత్తం 230. హోటల్‌కు పెట్టే ఆ ముప్పై దండగని నేను ఇప్పుడు అనను. అది పుస్తకాల ఖర్చు లాంటిదే.

"మాకు ఆ ఇబ్బంది లేదు, అడిగినంత పంపుతాం" అనే తల్లిదండ్రులూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో అలాగే పంపారు. ఆ అబ్బాయి రెండు పూటలా ఫోన్లో ఆర్డరు పెట్టుకుని, పదిహేనో తేదీకల్లా ఖాతా ఖాళీ చేసి, అడగడానికి సిగ్గుపడి అప్పు చేశాడు. నా కూతురు ఖర్చు పెట్టలేకపోయింది, ఆ అబ్బాయి ఆపుకోలేకపోయాడు. ఇద్దరికీ రానిది ఒకటే: తన చేతిలో డబ్బుతో తన కడుపు తను చూసుకోవడం. అది ఏ కోచింగ్‌లోనూ లేదు. నేర్పాల్సింది మనమే.

"ముందు ర్యాంకు రానివ్వండి, తర్వాత చూద్దాం" అంటారేమో. నేనూ అలాగే అన్నాను. కానీ దీనికి పట్టేది ఆదివారం ఒక గంట. ఈ స్కూల్లోనే తొమ్మిది చదువుతున్న మా అబ్బాయితో ఈ ఏడాది మొదలుపెట్టాను. బయట తిండికి నెలకు ఒకేసారి డబ్బు ఇస్తాను. అయిపోతే మళ్ళీ ఇవ్వను, మిగిలితే వాడిదే. హోటల్‌కు వెళితే మెనూ వాడి చేతికిచ్చి, ఇంత మొత్తంలో నలుగురికీ సరిపడా ఆర్డరు చెయ్యమంటాను. మొదటిసారి స్టార్టర్లకే డబ్బంతా పెట్టి అన్నం మర్చిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం, ఎవరూ తిట్టలేదు. అన్నం, పప్పు, ఉప్మా, గుడ్డు కూర, ఒక వేపుడు పదో తరగతి అయ్యేలోపు వచ్చి తీరాలని షరతు. అమ్మాయికైనా అబ్బాయికైనా ఇదే.

మీ పిల్లలు మ్యూనిక్ వెళ్ళకపోవచ్చు. బెంగళూరు వెళ్ళినా, హైదరాబాద్‌లో పీజీలో ఉన్నా లెక్క ఇదే. ఫోన్‌లో "తిన్నావా?" అని అడగడం మానకండి. దాని తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: "ఏం తిన్నావు? ఎవరితో తిన్నావు?" మొదటి ప్రశ్నకు పిల్లలు మనల్ని నొప్పించకూడదని అబద్ధం చెబుతారు. ఈ రెండింటికీ అంత తేలిగ్గా చెప్పలేరు.

— ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి