చుక్కలొచ్చిన అరటిపండు

మొన్న సంక్రాంతికి రావులపాలెం వెళ్ళా. హైదరాబాదు నించి మా బావ కూడా దిగాడు. వయసు నలభయ్యారు, ఓ పెద్ద కంపెనీలో డెలివరీ మేనేజరు. భోగిమంట దగ్గర మా నాయనమ్మ (వాడికి అమ్మమ్మ) వాడి మొహంలోకి కాసేపు చూసి, "ఏరా అబ్బాయ్, పండగ పూటా మొహం అలా బిగదీసుక్కూచున్నావేంట్రా? ఎవరన్నా ఏవన్నా అన్నారా?" అనడిగింది. బావ నవ్వాడు. ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. నుదురు కదల్లేదు, కళ్ళ పక్కన ఒక్క ముడతా పడలేదు.

రాత్రి ఏటిగట్టు మీద చెప్పాడు. "బొటాక్స్ చేయించానొరే. మీ అక్కక్కూడా తెలీదు, ఎక్కడా అనకు."

"ఏం మందు ఎక్కించారు బావా?"

"ఏమో. ఆఫర్లో ఉందన్నారు. బేరమాడితే ఇంకో రెండు వేలు తగ్గించారు."

కనుమ నాడు హైవే పక్క కొట్టు దగ్గర ఇదే బావ ఒక్క అత్తం కర్పూరం కోసం కొట్టువాణ్ణి పావుగంట నిలబెట్టాడు. ఏ తోటది? ఎప్పుడు కోశారు? గడ్డిలో మగ్గబెట్టిందా, కార్బైడ్ పెట్టిందా? తొడిమ పచ్చగా ఉందేంటి? అరటిపండు కడుపులోకి వెళ్తుంది కాబట్టి అన్ని ప్రశ్నలు. నుదుట్లోకి గుచ్చుకున్న సూది గురించి మాత్రం ఒకటే ప్రశ్న... ఎంత?

నా గొడవంతా ఇక్కడే. బొటాక్స్ చేయించుకున్నందుకు నేను బావని తిట్టట్లేదు. "సహజంగా ముసలాళ్ళవ్వండి నాయనా" అని ఉపన్యాసమిచ్చే ఉద్దేశమూ లేదు. తలకి రంగేసుకునేవాడు సూది పొడిపించుకున్నవాణ్ణి చూసి నవ్వడం హిపోక్రసీ. (నేనూ రంగేస్తా. ఆదివారం ఆదివారం.)

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా తయారుచేసే విషం అది. నరం నించి కండరానికి వెళ్ళే సిగ్నల్ని ఆపేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ముడత అనే బగ్‌ని ఫిక్స్ చెయ్యదు, ఆ ప్రాసెస్‌నే కిల్ చేస్తుంది. మూణ్ణాలుగు నెలలకి ప్రాసెస్ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ సూది. అంటే ఇది కొనుక్కునే వస్తువు కాదు, సబ్‌స్క్రిప్షన్. మంచి మందు కాదా అంటే, మంచిదే. మెల్లకన్నుకీ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. కనుబొమల మధ్య గీతలకి 2002లో ఇచ్చారు. తెలిసిన డాక్టరు, సరైన సీసా, సరైన మోతాదు ఉంటే సాధారణంగా పెద్ద ప్రమాదం లేదు.

ఆ మూడూ లేకపోతే? 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ గొడవ బయటపడింది. ఏప్రిల్ నాటికి 11 రాష్ట్రాల్లో 22 మందికి తేడా చేస్తే, వాళ్ళలో 11 మంది ఆస్పత్రి పాలయ్యారు. సూదులు పొడిచినవాళ్ళు లైసెన్సో శిక్షణో లేనివాళ్ళు, లేదా పొడిచిన చోటు ఏ ఇల్లో, స్పానో. అంత నిఘా ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, సందు చివర బ్యూటీ పార్లరు బోర్డు కింద 'క్లినిక్' అని చిన్నక్షరాలు రాసుకున్న మన దగ్గర సంగతి ఊహించుకోండి. ఇక ఫిల్లర్లు బొటాక్స్ కాదు. అది వేరే సరుకు. పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. తెల్లబడడానికి ఎక్కించే గ్లూటాథయోన్ సంగతి సరేసరి, ఆ పనికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతే ఇవ్వలేదు.

అయినా అడగం. ఎందుకడగం? సిగ్గు. 2016లో హైదరాబాదులో ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎత్తు పెరగడానికి కాళ్ళ ఎముకలు కోయించుకున్నాడు, ఇంట్లో చెప్పకుండా. 2024లో అదే ఊళ్ళో నవ్వు బాగుండాలని దంతాల క్లినిక్‌కి వెళ్ళిన ఓ యువకుడు చనిపోయాడు. తమకి చెప్పకుండా వెళ్ళాడని తండ్రి అన్నాడు. ఈ రెండూ వయసు తగ్గించే వైద్యాలు కావు, నిజమే. కానీ గుట్టు ఒకటే. ఎవరికీ చెప్పని పనికి వెంట వచ్చేవాడుండడు. రెండో డాక్టరుని అడిగేవాడుండడు. తేడా చేస్తే ఏం ఎక్కించారో చెప్పగలిగేవాడూ ఉండడు. ఆ గుట్టుని పెంచి పోషించేది మన వెక్కిరింతే.

"నా డబ్బు, నా మొహం, మధ్యలో నీకేంటి?" అంటారా. ఒప్పుకుంటా. కానీ బావని మళ్ళీ అడిగా, నిజంగా నీకోసమే చేయించుకున్నావా అని. కాసేపు గోదారికేసి చూసి చెప్పాడు. కొత్తగా వచ్చిన బాస్‌కి ముప్ఫై నాలుగు. మీటింగులో 'ఫ్రెష్ ఎనర్జీ' కావాలన్నాడట. మర్నాటి నించి వీడియో కాల్‌లో బావ ఎదుటివాళ్ళని చూడ్డం మానేసి తన నుదురే చూసుకోవడం మొదలెట్టాడు. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్ళుంది. ఇందులో అందం పిచ్చి ఎక్కడుందండీ? ఉన్నది భయం.

ఇంకో మాట, చెప్పుకోడానికి సిగ్గేస్తోంది కానీ చెప్పాలి. మూడేళ్ళ క్రితం నేనో ఇంటర్వ్యూ చేశా. వచ్చినాయనకి యాభై దగ్గర. అడిగినవన్నీ చెప్పాడు, నేనడగనివి రెండు చెప్పాడు. ఫీడ్‌బ్యాక్‌లో నేనేం రాశానో తెలుసా? 'టీమ్‌లో ఇమడకపోవచ్చు.' నిజానికి నేను చూసింది ఆయన తెల్లజుట్టు. బావ నుదుట్లో సూది గుచ్చింది ఏ క్లినిక్కో కాదు, నాలాంటి వాళ్ళం.

యయాతి కొడుకు దగ్గర యవ్వనం అడిగి తీసుకున్నాడు, చివరికి తిరిగిచ్చాడు కూడా. మన కంపెనీలు మన ఇరవైలూ ముప్ఫైలూ నైట్ షిఫ్టుల్లో, రిలీజుల్లో తీసేసుకుని, నలభై ఐదుకి మొహం చూసి "ఎనర్జీ లేదు" అంటున్నాయి. తిరిగివ్వడం సంగతి దేవుడెరుగు!

పోనీ సినిమాల్ని తిట్టేసి చేతులు దులుపుకుందామా? 'బడిపంతులు' (1972)లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా చేసిన శ్రీదేవి, 'వేటగాడు' (1979)లో ఆయన పక్కన హీరోయిన్. ఆయనకప్పుడు 56. జనం ఎగబడి చూశారు. వయసు కనపడకూడదని టిక్కెట్టు కొని మరీ చెప్పింది మనమే.

విచిత్రమేంటంటే మన భాష ఇలా అనదు. అనుభవమున్నవాణ్ణి 'తలపండినవాడు' అంటాం, బాగా పెద్దవాళ్ళని 'పండు ముసలి' అంటాం. తెలుగులో మనిషి వాడిపోడు, పండుతాడు. కొట్టు దగ్గర చూడండి, నల్లచుక్కలొచ్చిన అత్తాన్ని బావ వద్దన్నాడు, మచ్చలేని పసుపుపచ్చదే ఏరుకున్నాడు. కొట్టువాడు నవ్వి, "చుక్కలొచ్చిందే తియ్యగుంటాదండి. ఆయ్, మీ ఇష్టం" అన్నాడు. ఇంటికెళ్ళి ఒలిస్తే బావ పండు లోపల ఇంకా వగరే.

కాబట్టి చేయించుకునేవాళ్ళకి నా మనవి: అరటిపండు నడిగినట్టు అడగండి. పొడిచేది డాక్టరేనా, ఏం చదివాడు? సీసా మీ ముందే తెరుస్తాడా, దాని మీద పేరూ బ్యాచ్ నంబరూ ఫోటో తీసుకోనిస్తాడా? తేడా చేస్తే అక్కడే ఏం చేస్తాడు? వీటికి విసుక్కుంటే లేచొచ్చెయ్యండి, ఆఫర్ పోతే పోయింది. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్ళండి.

చేయించుకోనివాళ్ళకి, అంటే నాకూ కలిపి: రేపు ఇంటర్వ్యూ చేసేటప్పుడు జుట్టు చూడకండి. ఆ ఒక్క పని చేస్తే సగం సూదులు వాటంతటవే తగ్గుతాయి.

తిరుగు ప్రయాణంలో జొన్నాడ వంతెన మీద బావ అడిగాడు, "నాలుగు నెలలైపోవస్తోందిరా, మళ్ళీ వెళ్ళాలా వద్దా?" నా దగ్గర జవాబు లేదు. "వెళ్తే చెప్పు, నేనూ వస్తా" అన్నా.