రేకులు దించుదాం, దుమ్ము లేపొద్దు



మనలో చాలామందిమి సిమెంటు రేకుల కింద పుట్టి పెరిగినవాళ్లమే. నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంటి పాత రేకులను బాపు సుత్తెతో పగలగొట్టి దించాడు. ఆ ముక్కలతో నేనూ తమ్ముడూ వాకిట్లో గుంత పూడ్చాం. అమ్మ దుమ్ము ఊడ్చింది.

ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందని పీజీకి వచ్చాకే తెలిసింది. కంటికి కనపడని దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే, ఇరవై ముప్ఫై ఏళ్లకు కూడా క్యాన్సర్ రావచ్చు. ఆస్ట్రేలియా 2003లోనే నిషేధించింది. మన దగ్గర 1995లో సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచాలని చెప్పింది. మరి రేకులు దించే కూలివాడి రికార్డు ఎవరు రాస్తారు?

రేకు పగలనంతవరకు ముప్పు తక్కువే. కోస్తే, పగలగొడితేనే ప్రమాదం. అందుకే ముందు నీళ్లతో తడపాలి. బోల్టులు విప్పి రేకు రేకుగా దించాలి. కండువా చాలదు, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. ముక్కలను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి కట్టాలి.

తర్వాత ఎక్కడ వేయాలి? ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దుండిగల్‌లో ఉంది. నాలుగు రేకుల కోసం పేదవాడు అంతదూరం పోగలడా? తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఇంటింటికీ నేర్పిన సిద్దిపేట మున్సిపాలిటీ, పాత రేకులు తీసుకెళ్లే బాధ్యత కూడా తీసుకోవాలని నా అభిప్రాయం.

ఇదంతా చెబితే బాపు "ఇన్నేండ్లు ఏమైంది బిడ్డా?" అని నవ్వాడు. కానీ మొన్న పక్కింట్లో రేకులు దించుతుంటే బకెట్‌తో నీళ్లు పట్టుకుపోయాడు. తమ్ముళ్లారా, సెలవులకు వెళ్లినప్పుడు మీరూ ఇంట్లో చెప్పండి.