కోసిన చేను ఖాళీ చేను కాదు

కోనసీమలో రిమోట్ విమానం ఎగరేయాలనుకున్న కుర్రాడికి మొదట ఎదురొచ్చేది కొబ్బరి చెట్టు. అమలాపురం నుంచి రాజోలు వెళ్లండి, కొత్తపేట వైపు తిరగండి, తోట దాటితే చేను, చేను పక్కన బోదె, బోదె గట్టు మీద మళ్లీ కొబ్బరి వరస. నాలుగడుగుల రెక్కలున్న చిన్న విమానం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. పది సెకన్లలో అది దాదాపు 140 మీటర్లు దాటేస్తుంది. మన చేలల్లో 140 మీటర్లంటే రెండు మూడు గట్లు, ఒక కరెంటు లైను, పక్క తోట మొదలు. కొత్తగా స్టిక్కులు పట్టినవాడు ఎటు తిప్పాలా అని ఆలోచించుకునేలోపే విమానం మట్టల్లో ఇరుక్కుని ఉంటుంది.

ఆన్‌లైన్‌లో విమానం ఎవరైనా తెప్పించుకోవచ్చు. దాన్ని ఎగరేసే చోటు మాత్రం ఏ ఒక్కడూ ఒంటరిగా సంపాదించుకోలేడు. క్లబ్బు అవసరం అక్కడే పుడుతుంది. ఆదివారం పొద్దున్నే చేలో చేరే ఒక చిన్న బృందం మంచీచెడ్డా చూస్తున్నవాడిగా చెబుతున్నాను. క్లబ్బు నడిపేవాడి శ్రమలో విమానాలకు పోయేది కొంచెమే. మిగతాదంతా నేలకూ, ఆ నేలను నమ్ముకుని బతికే మనుషులకూ పోతుంది. పోవాలి కూడా.

మొదటి పని, చేను ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం. మన దగ్గర పట్టా ఒకరి పేర ఉంటుంది, సాగు చేసేది ఇంకొకరు. ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఎగరేసుకోండి దానికేముంది అని ఫోన్లో అనేస్తారు. ఆ మాట పట్టుకుని చేలో దిగితే నష్టపోయేది కౌలు రైతు. అడగాల్సింది ఆయన్ని. చేలో ఎవరు దిగుతారు, ఎన్ని గంటలకు వెళ్లిపోతారు, గట్టు తెగితే ఎవరు వేస్తారు అనేవి ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. పెద్దగా రాతకోతలు అక్కర్లేదు గానీ, చెప్పిన మాట తప్పకూడదు.

సార్వా కోతలయ్యాక చేను ఖాళీగా కనిపిస్తుంది. అది ఖాళీ కాదు. కోతకు రెండు మూడు రోజుల ముందే, వరి నిలబడి ఉండగానే, చాలామంది రైతులు మినుములు చల్లేస్తారు. పనలు తీసేసరికి మోళ్ల మధ్య మొలక లేస్తూ ఉంటుంది. అలవాటు లేని కంటికి అది ఆనదు. పడిన విమానం కోసం నలుగురు నాలుగు దిక్కుల నుంచి పరుగెత్తితే చేలో నాలుగు బాటలు పడతాయి. ఇక దాళ్వా ఊడ్చే చోట సంక్రాంతి వెళ్లేసరికి మళ్లీ నీళ్లు పెట్టేస్తారు. నికరంగా మనకు దొరికేది దాళ్వా కోతలయ్యాక, కాలువలకు తిరిగి నీళ్లు వదిలేదాకా ఉన్న ఎండాకాలపు కొద్ది వారాలు. ఆ రోజుల్లో తెల్లారగట్ల గాలి నెమ్మదిగా ఉంటుంది. పొద్దెక్కి సముద్రం గాలి మొదలైందంటే తేలిక విమానం మన మాట వినదు.

ఆ వారాల్లోనూ బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజ ఏరుకు తినడానికి వాటిని ఊరూరా తోలుకొచ్చే కుటుంబాలకు అదే జీవనం. మంద మీదుగా విమానం ఒక్కసారి కిందకు దూసుకుపోయిందా, బాతులన్నీ చెదిరి బోదెల్లో పడతాయి, మళ్లీ పోగు చేయడానికి పూటంతా పడుతుంది. మంద కనిపిస్తే విమానం నేల మీదే ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు పెట్టుకోకూడదు.

బీడు పడి ఉందిగా అని కొన్ని చేలను చూపిస్తుంటారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు నాటకుండా వదిలేసిన సంగతి మనమంతా చూశాం. గిట్టుబాటు ధర లేక కడుపు మండి చేసిన పని అది. ఇక్కడ ఖాళీ నేల వెనక ఒక్కోసారి అలాంటి కథ ఉంటుంది. అందులో ఆడుకునే ముందు మర్యాదగా అడగడం కనీస ధర్మం.

నేల అసలే దొరకదని మాత్రం నేను ఒప్పుకోను. సంక్రాంతి మూడు రోజులూ కోడి పందేల బరుల కోసం ఎకరాలకెకరాలు చదునవుతాయి. షామియానాలు లేస్తాయి, లైట్లు వెలుగుతాయి, కార్లు పెట్టుకోవడానికి పక్క చేలు కూడా సిద్ధమవుతాయి. చట్టం వద్దన్న ఆటకు అంత నేల దొరికే చోట, చట్టం ఒప్పుకున్న ఆటకు, అందులోనూ పిల్లలకు లెక్కలూ భౌతికశాస్త్రమూ చేతికి అంటించే ఆటకు, రెండు మూడెకరాలు దొరకవు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మరి బీచ్ ఉందిగా అంటారు. అంతర్వేది, ఎస్.యానం, ఓడలరేవు. వెడల్పయిన తీరాలే, జనం లేని వేళలూ ఉంటాయి. కానీ ఇసుక మోటారు బేరింగుల్లో చేరుతుంది, ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. తాటిపాకలో రిఫైనరీ ఉంది. పొలాల మధ్యలో గ్యాస్ బావులు, గొట్టపు మార్గాలు ఉన్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. నిప్పంటే ఏమిటో తెలిసిన నేల ఇది. మన విమానాల్లో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ గట్టిగా పడి లోపల చిట్లితే మంట వస్తుంది. ఒక్కోసారి పడిన వెంటనే కాదు, కొంతసేపు ఆగి వస్తుంది. అందుకని గ్యాస్ బావుల చుట్టుపక్కలకు వెళ్లనే వద్దు. చేలో ఎగరేసినా గడ్డిమేటుకు దూరంగా నిలబడాలి, ఇసుక బకెట్టు దగ్గరుండాలి, దెబ్బతిన్న బ్యాటరీని ఇంటికి తీసుకెళ్లే సంచిలో వేయకూడదు.

చట్టం ఏమంటుందో కూడా ఎగరేసేవాళ్లందరికీ తెలియాలి, ఎందుకంటే చాలామంది అసలు నియమాలే లేవనుకుంటున్నారు, మిగతావాళ్లు అంతా నిషేధమనుకుంటున్నారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు 25 కిలోలకు మించకుండా, కంటికి కనిపించే దూరంలో, చదువుకో పరిశోధనకో సరదాకో ఎగరేసేదాన్ని మోడల్‌గా గుర్తించాయి. దానికి టైప్ సర్టిఫికెట్ అడగరు. 250 గ్రాముల దాకా నానో, అది దాటి 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారం కోసం కాకుండా మైక్రో ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ సర్టిఫికెట్ రావాలంటే 18 ఏళ్లు నిండాలి. అంటే తొమ్మిదో తరగతి పిల్లకు చట్టం తెరిచి ఉంచిన తలుపు ఈ 2 కిలోల లోపు సరదా విమానమే. మిగతా బాధ్యతలున్నాయి. విమానాన్ని నమోదు చేసి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. నానో దాటితే థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. ప్రమాదం జరిగితే 48 గంటల్లో తెలియజేయాలి. తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మధురపూడి విమానాశ్రయం మనకు దూరం కాబట్టి దాని చుట్టూ ఉన్న 12 కిలోమీటర్ల వలయం మన మీద పడదు. అయినా బయల్దేరే ముందు జోన్ల మ్యాపు చూసుకోవాలి. ప్రముఖుల పర్యటనల వేళ ఎగరేయకూడని రెడ్ జోన్‌ను తాత్కాలికంగా ప్రకటించే వీలుంది. స్థానిక పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచడం ఏ నియమం కోసమూ కాదు, ఊళ్లో ఎవరైనా కంగారుపడి ఫోన్ చేస్తే అక్కడివాళ్లకు జవాబు తెలిసి ఉండటం కోసం.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం తలల మీద డ్రోన్లు తిరుగుతుంటే నా గుండె ఆగినంత పనవుతుంది. కిలో బరువున్న విమానం 50 కిలోమీటర్ల వేగంతో మనిషికి తగిలితే, ఆ దెబ్బ పది మీటర్ల చెట్టు మీద నుంచి అంతే బరువున్న కొబ్బరికాయ రాలి పడినంత. లెక్క వేసి చూసుకోవచ్చు. కొబ్బరి చెట్టు కింద నిలబడొద్దని పిల్లలకు చెప్పుకుంటూ పెంచిన మనకు అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. తీర్థం మీదా, రథం మీదా, నడుస్తున్న బడి మీదా మన క్లబ్బు విమానం ఎన్నడూ ఎగరకూడదు.

ఇంకో రెండు మాటలు పిల్లలు చేరిన మొదటి రోజే చెప్పాలి. విమానం కాలువలో పడితే దాని కోసం ఎవరూ నీళ్లలోకి దిగరు. కరెంటు లైను మీద పడితే ఎవరూ గెడతో కదపరు, లైన్‌మన్‌కు ఫోన్ చేస్తారు. చెట్టు మీద పడితే దింపు కార్మికుడి కోసం ఆగుతారు. తను పని మానుకుని వచ్చినందుకు సరైన కూలి ఇస్తారు. వేల రూపాయల విమానం కళ్లముందు కొట్టుకుపోతుంటే పన్నెండేళ్ల వాడి కాలు ఆగదు. ఆపేది పక్కనున్న పెద్దమనిషే. ఒంటరిగా ఎగరేసే పిల్లాడి పక్కన ఆ మనిషి ఉండడు. క్లబ్బు ఎందుకు అని అడిగేవాళ్లకు నా దగ్గరున్న అతి పెద్ద జవాబు ఇదే.

క్లబ్బులు పుట్టిన చరిత్రలోనూ ఈ కలిసి ఉండాల్సిన అవసరం కనిపిస్తుంది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల అన్నదమ్ములు 1930ల చివర్లో రేడియోతో నడిపిన గఫ్ అనే విమానాన్ని ఇవాళ స్మిత్సోనియన్ మ్యూజియం దాచుకుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు రేడియో సెట్లు 27, 35, 72 మెగాహెర్ట్జ్ పట్టీల్లో పనిచేశాయి. ఇద్దరు ఒకే చానల్లో స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం కూలేది. అందుకని మైదానంలో ఒక పలక పెట్టి, చానల్‌కొక బట్టల క్లిప్పు తగిలించేవారు. క్లిప్పు చేతిలో ఉన్నవాడే సెట్ ఆన్ చేయాలి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటాయి, పలక అవసరం తీరిపోయింది. మేం మాత్రం ఇప్పటికీ పలక పెడతాం, రెండే క్లిప్పులతో. గాల్లో రెండు విమానాలకు మించి ఉండకూడదని.

నేర్పడం గురించి చెప్పాలంటే చాలా ఉంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి అంటే కుడే. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా కూలేది ఆ మలుపులోనే. అందుకే రెండు సెట్లను జత చేసి నేర్పుతారు. గురువు తన స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే శిష్యుడి చేతిలో విమానం ఉంటుంది, వదిలితే గురువు చేతికి వచ్చేస్తుంది. ఆ స్విచ్ ఎంతసేపు పట్టుకోవాలో తెలిసినవాడే మంచి గురువు. తొందరగా లాక్కునేవాడి దగ్గర ఎవరికీ ఏమీ రాదు. విమానాలు కూడా ఇక్కడే చేసుకోవచ్చు. ఫోమ్ షీటు, రెక్కలో బలానికి వెదురు బద్ద, జిగురు ఉంటే ఒళ్లు తయారవుతుంది, ఖరీదంతా మోటారుకూ సెట్టుకూ బ్యాటరీకీ. ప్రభలు కట్టే ఊళ్లివి. తేలిగ్గా ఉంటూనే విరగని వెదురు చట్రం ఎలా కట్టాలో తెలిసిన చేతులు మన మధ్యే ఉన్నాయి. ఒక ఆదివారం వాళ్లను పిలిచి పిల్లలకు చూపించమనండి, ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

ఆడపిల్లలు మా చేలోకి రావడం తక్కువ. ఆసక్తి లేక కాదు, తెల్లారగట్ల మగపిల్లల గుంపు మధ్యకు ఒక్కదాన్నే పంపే తల్లిదండ్రులు ఉండరు కనుక. ఒక వైపు నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం 1,261 కోట్లు కేటాయించింది. మన చేలల్లో మందు కొట్టే డ్రోన్ మహిళ చేతిలో ఉండాలంటే, ఆమె పద్నాలుగేళ్లప్పుడు తేలికపాటి విమానం పట్టుకుని గాలి ఎటు వీస్తోందో చూసి ఉంటే ఎంత బాగుంటుంది! కాబట్టి ఇద్దరు టీచరమ్మలు వంతులవారీగా వస్తే, మైదానం ఊరి బయట కాకుండా బడి దగ్గర ఉంటే, ఆడపిల్లలు వస్తారు. ఇది మేం చేయాల్సిన పని, వాళ్లు చేయాల్సింది కాదు.

2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడ కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఒకేసారి లేచాయి. అంతకు నెల ముందే బుడమేరు వరదలో చిక్కుకున్న ఇళ్లకు డ్రోన్లతో తిండి పొట్లాలు పంపారు. గోదావరికి నీళ్లొస్తే మన లంకలు ఎలా తెగిపోతాయో మనకు తెలుసు. ఆ పని రేపు ఇక్కడా కావాలి. కంప్యూటర్ చెప్పినట్టు ఎగిరే డ్రోన్‌కు చెయ్యి అక్కర్లేదనుకుంటారు గానీ, సిగ్నల్ పోయినప్పుడు, గాలి మారినప్పుడు తడబడని చెయ్యి ఆదివారం చేలోనే తయారవుతుంది. అయినా ఈ ఆటకు ఉపయోగమే ఆధారమని నేను అనను. పిల్లలు తమ చేత్తో చేసిన వస్తువు గాల్లో నిలబడటం చూడటానికి ఇంకో కారణం అక్కర్లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెద్ద మైదానాలున్న కాలేజీలు, హైస్కూళ్లు ఉన్నాయి. ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా అవి ఎక్కువగా ఖాళీగానే ఉంటాయి. యాజమాన్యాలు ఈ దాళ్వా కోతలు ముగిసేలోగా ఒక్కో చోట ఒక్కో మైదానాన్ని, ఆ మూడు గంటలకే, రాతపూర్వకంగా ఇవ్వాలని అడుగుతున్నాను. బదులుగా ఎగరేసేవాళ్లు బీమా కాపీ ఆఫీసులో ఇస్తారు, వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాస్తారు, 2 కిలోలు దాటినది తేరు, అద్దం పగిలితే కట్టిస్తారు, ఆ బడి పిల్లల్లో నేర్చుకుంటామన్నవాళ్లకు డబ్బు తీసుకోకుండా నేర్పుతారు. మైదానం హద్దు అవతల చేను ఉంటే, దాని కౌలు రైతుతో మాట్లాడే బాధ్యత నాది.