బిల్లులో కనపడని ఖర్చు

తీవ్రమైన తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తం ఉచితంగానే దొరకొచ్చు, ఊరి నుంచి హైదరాబాదు రావడం మాత్రం ఉచితం కాదు. బస్సు ఛార్జీలు, తల్లికి పోయిన కూలి, రక్తం ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చున్నవాళ్లకు ఇంత టిఫిను... ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనపడవు. ఒంట్లో పేరుకునే ఇనుముకు వేసే మందులు వేరే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియానూ వైకల్యాల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా రక్తం అవసరం ఆగదుగా! ఆ మధ్యలో ఆదుకునేవి స్వచ్ఛంద సంస్థలిచ్చే చిన్న మొత్తాలే. మూడు వేలిచ్చేందుకు పది కాగితాలడిగే దాతలంటే నాకు చిరాకు (ఆ జిరాక్సులకూ డబ్బులే మరి). అలాంటి సాయం ఎలా అడగాలో ఈ సంచికలో రాశాం. దరఖాస్తు నమూనా చివరి పేజీలో ఉంది, చింపుకోండి.