సొంత ఊరికి చుట్టపుచూపు

సంక్రాంతికి నెలపట్టిన నాటినుండి కోనసీమ ఇండ్ల అరుగులు ఖాళీగా ఉండవు. హైదరాబాదునుండియు, బెంగుళూరునుండియు కొడుకులు వత్తురు. వారి వెంట కలిసి చదివినవారో, కలిసి కొలువు చేయువారో ఇద్దరు ముగ్గురు మిత్రులు వత్తురు. రెండు దినములు విందుభోజనములు, ఆత్రేయపురపు పూతరేకులు, కొబ్బరిబొండములు అయిన పిమ్మట మూడవనాడు ఇంటి పెద్దకు ఒక చిక్కు వచ్చిపడును: వీరికి ఏమి చూపవలెను?

ఆ చిక్కు తీరుటకు ఇప్పుడొక వాడుక ఏర్పడినది. కారెక్కించి దిండికి తీసికొనిపోవుట, అచ్చట కేరళ తీరు పడవయింటి ముందు నిలిపి ఛాయాచిత్రము తీయుట, సాయంకాలమునకు అంతర్వేదియో ఓడలరేవో చేరి సముద్రములో కాళ్లు తడుపుకొనుట, నడుమ అయినవిల్లిలోనో అప్పనపల్లిలోనో దైవదర్శనము. ఇందులో తప్పేమియు లేదు. గోదావరి గాలి ఎవరికైనను హాయియే. కాని దారి పొడవునను ఆతిథేయుని నోట వినవచ్చు మాట ఒక్కటే: "చూశారా, అచ్చం కేరళే!"

ఈ మాట పొగడ్తవలె వినబడును గాని, నిజమునకు అది సొంత సొమ్మును ఎరువు సొమ్మని చెప్పుకొనుట. కొబ్బరిచెట్లు రెండుచోట్లను ఉన్నంత మాత్రమున రెండు నేలలు ఒకటి కావు. కేరళలో పడవయిండ్లు తిరుగు జలములు చాలవరకు సముద్రముతో పొత్తుగల ఉప్పు కయ్యలు. కోనసీమ కాలువలలో పారునది గోదావరి తీపినీరు. అది తానై వచ్చినది కాదు. మనుష్యులు మళ్లించి తెచ్చుకొన్నది. ఆ మళ్లింపే కోనసీమ కథలో సగము.

ఆ సగము తెలిసిన ఆతిథేయుడు అరుదు. అమలాపురమునుండి పి. గన్నవరము మీదుగా రాజోలు వైపు పోవునప్పుడు ఒకచోట కారు నెమ్మదించును. క్రింద వైనతేయ పారుచుండును. దాని మీదుగా ఒక కాలువ నడచిపోవుచుండును. "బాబాయిగారూ, ఏటి మీద కాలువ పోతోందేమిటండీ?" అని వచ్చిన కుర్రవాడు అడుగును. "అది అక్విడెక్టు, బాబూ. ఎప్పటిదో, తెల్లవాళ్ల నాటిది" అని బాబాయిగారు సెలవిత్తురు. అంతటితో కారు ముందుకు సాగును. అచ్చటనే అది ఆగవలసినది.

ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి ముగిసినది. నేడు దాని స్థానమున బ్యారేజి ఉన్నది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలని మూడు వంతులుగా నీరు పంచగా, కోనసీమ వంతునకు వచ్చినది మధ్య డెల్టా. బొబ్బర్లంకవద్ద బయలుదేరిన కాలువ లొల్ల లాకులవద్ద చీలి ఊళ్లవైపు పోవును. లొల్ల లాకులను సినిమాలలో చూచినవారు వేలకు వేలు. ఆ లాకు తలుపులు పూర్వము ఎందుకు తెరచి మూయుచుండిరో తెలిసినవారు కొలదిమందియే. మోటారు బండ్లు రాక పూర్వము ఈ కాలువలే కోనసీమకు రహదారులు. మిట్టనుండి పల్లమునకు పడవ దిగవలెనన్నచో రెండు తలుపుల నడుమ దానిని నిలిపి, నీటిని మెల్లగా తగ్గించి, క్రింది మట్టమునకు దింపెడివారు. ఎదురు వచ్చు పడవను నీరు నింపి పైకి ఎత్తెడివారు. ఒక తరగతి విద్యార్థులను గట్టుమీద నిలిపి చెప్పిన, ఇది అరగంట పాఠము.

చీలిన కాలువ ఎంతదూరము పోయినను వైనతేయ ఒడ్డున ఆగిపోవలసినదే. ఆవలిగట్టున, వైనతేయకును వసిష్ఠకును నడుమ, రాజోలు సీమ ఉన్నది. మూడు ప్రక్కలను నీరే; చేలకు మాత్రము చాలినంత నీరు లేదు. ఏటి నీరు పల్లమున పారును, సముద్రము చేరువైన కొలది దానిలో ఉప్పు కలియును. కనుక కాలువనే ఏరు దాటించిరి. కాటన్ దొర క్రింద పనిచేసిన హేగ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1850 దశకములో 49 కమానులపై ఈ నీటివంతెన లేచినది. 2000వ సంవత్సరమున దాని ప్రక్కనే క్రొత్తది వచ్చినది. ఫ్రాన్సు దేశమున గార్డాన్ నదిపై రోమనులు కట్టిన మూడంతస్తుల నీటివంతెనను చూచుటకు ప్రపంచము నలుమూలలనుండి జనము పోవుదురు. దానిలో నీరు పారుట మాని శతాబ్దములైనది. గన్నవరమువద్ద ఏరు దాటిన నీరు నేటికిని రాజోలు సీమ చేలకు పోవుచున్నది. చూడదగినది ఏదియో పాఠకులే చెప్పవచ్చును.

క్రొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమున 1909 వరకు జీవించిన ఆ తల్లి, వేళ కాని వేళ వచ్చిన బాటసారికిని కులమడుగక అన్నము పెట్టినది. ఆమె ఒకమారు అంతర్వేది స్వామిని చూడగోరి ప్రయాణమైనదట. దారిలో విశ్రమించియుండగా, ఆకలిగొన్న పిల్లలతో గన్నవరము వైపు పోవు బాటసారులు, "ఇంకెంత దూరం, సీతమ్మగారింట్లో అన్నం తిందాం" అని పిల్లలను ఓదార్చుట ఆమె చెవిని పడినదట. స్వామిదర్శనము మానుకొని, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట ప్రారంభించినదని కోనసీమలో పెద్దలు చెప్పుకొందురు. 2024లో బడులలోని మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. దినదినము ఆ పేరుమీద అన్నము తిను బాలునికి ఆ గ్రామము తన ఊరికి ఎంతదూరమో తెలిసియున్నదా? అంతర్వేదికి పోవు అతిథికి ఈ ఒక్క కథ చెప్పినను, అతడు చూచు అంతర్వేది వేరుగా ఉండును.

కనుమనాడు జగ్గన్నతోటకు పోవువారు తక్కువేమియు కారు. 2023 గణతంత్ర దినోత్సవమున ఆ ప్రభల తీర్థము శకటరూపమున ఢిల్లీ వీథులలో నడచినది కూడ. పదునొకండు ఊళ్లనుండి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి ఆ తోటకు వత్తురు. అచ్చట గుడి లేదు. అతిథులు రంగుగుడ్డలను, వెదురు కట్టుబడిని, గంగలకుర్రు ప్రభ కౌశికను దాటుటను సెల్‌ఫోనులలో పట్టుకొందురు. వారి కంటబడనిది మరియొకటి ఉన్నది. భుజములపై ప్రభను మోయువారు పచ్చని చేల మీదుగా నడచి వత్తురు. తన చేను త్రొక్కిరని ఏ రైతును అడ్డుపడడు. ఆ చేను చూపి ఆ మాట చెప్పువాడు ప్రక్కన ఉండవలెను.

ఆతిథేయులు దాటవేయు చోట్లు మరికొన్ని ఉన్నవి. అమలాపురము రాజోలు దారిలో పాశర్లపూడి తగులును. 1995 జనవరి 8న అచ్చటి గ్యాసుబావి బ్రద్దలై లేచిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. అదే దారిలో నగరము. 2014 జూన్ 27 తెల్లవారుజామున గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. 1996 నవంబరు 6 నాటి తుఫానులో నేలకొరిగిన తోటలను తలచుకొని నేటికిని నిట్టూర్చు రైతులున్నారు. పండుగపూట ఈ ముచ్చట లెందుకని కొందరు అందురు. అందమైన తోటల క్రింద గొట్టములు పోవుచున్నవని ఎరుగని అతిథి, చూచినది చిత్రపటమే గాని కోనసీమ కాదు. అతిథి మాట అటుండనిండు. ఆ తోటలలోనే పెరుగు పిల్లలకు ఎవరు చెప్పవలెను?

ఈ పని బడిపంతుళ్లు చేయదగినది. విహారయాత్ర అనగానే దూరపు నగరములకు బస్సు కట్టించుకొనుట బడులకు అలవాటైనది. అంతకు ముందు ఒక్క దినము లొల్లనుండి గన్నవరమువరకు కాలువగట్టు వెంట పిల్లలను తిప్పిన, వచ్చే సంక్రాంతికి "ఎప్పటిదో" అను బాబాయిగారి ప్రక్కనే కూర్చున్న పదేండ్ల కుర్రవాడు బదులు చెప్పగలడు.

వేసవి సెలవులలో అతిథులు వచ్చినచో కాలువలు కట్టివేసియుందురు, చూపుటకేమున్నదని కొందరి సందేహము. నీరు తీసినప్పుడే లాకుల గోడలు, తలుపుల అడుగుభాగములు బయటపడును. ఏ రాతిపై ఏ రాయి పేర్చిరో దగ్గరగా చూడవచ్చును. ఏడాది పొడవునను ఊళ్లు కాలువలోనికి విసరిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు కూడ అప్పుడే కనబడును. వానిని సైతము అతిథికి చూపవలసినదే.